సమస్య: ‘గుండు లేని గన్ను గుండె బలము’

నిర్వాహకుడు: అమీర్‌పేటలో మెట్రో మారే కుర్రాళ్ల కబుర్లలోంచి ఏరుకొచ్చిన ఆటవెలది పాదం. పబ్జీలో గన్ను మార్చడం మీదే పూరించాలి. తిరుపతి గుండు మీద పూరణలు పంపబోయేవాళ్లకి ముందే దండం.

కాచిగూడ కందం:
నాల్గు కాల్చి నింప నత్తనడకె కాదె
యైదుఁ గాల్చ క్లిప్పె యంది వచ్చు
బోల్టు గన్ను పట్టు పోరులో నందుకే
గుండు లేని గన్ను గుండె బలము

మలక్‌పేట మత్తేభం: కార్98 అనే బోల్టు గన్ను గుట్టు బాగా పట్టారు. ఒకటి మిగిల్చి నింపితే ఒక్కో గుండూ విడిగా దూర్చాలి, ఐదూ అయిపోతే క్లిప్పుతో ఒకేసారి దిగుతాయి. అంతా బాగుంది గానీ ‘గాల్చ క్లిప్పె’ దగ్గర సంయుక్తాక్షరం ముందున్న చ గురువు కాలేదా? పైగా ఇది నింపడం, మార్చడం కాదు.

కాచిగూడ కందం: అవి విడి మాటలండీ, సమాసం కాదు. ముందున్న చ తేలికే, లఘువే. అయినా పోయిన వారం మీ ‘నాలుగింతల స్కోపు’లో ల గురువెలా అయింది? అక్కడ బరువు, ఇక్కడ తేలికానా?

మలక్‌పేట మత్తేభం: దాన్ని తవ్వకండి. ఇదిగో మార్పిడి.
ముప్పదైన పిదప మూగదై పోయెను
శత్రు వదను చూచి చంగుమనుచు
దుముక, రెండు నొక్క దొరికి పోయె నతడు
గుండు లేని గన్ను గుండె బలము

నిర్వాహకుడు: ఖాళీ గన్నునే ఎరగా వేశారు, భేష్! చప్పుడు ఆగగానే ‘నింపుకుంటున్నాడు’ అనుకుని అవతలివాడు గోడ దాటి వస్తాడు. అప్పటికి చేతిలో రెండో గన్ను యూఎంపీ ఉంటుంది, 25 గుండ్లతో.

కాచిగూడ కందం: ఎం416 గన్నుకి ఎక్స్‌టెండెడ్ మ్యాగజైన్ అనే పెద్ద గుండ్ల పెట్టె తగిలిస్తే 40 గుండ్లు. ‘ముప్పది’ అనగానే కవిగారికి అటాచ్‌మెంట్లు దొరకలేదని తెలిసిపోయింది. సరే, అది వదిలేద్దాం. ‘రెండు నొక్క’ అంటే తెర మీద రెండో గన్ను గడి నొక్కడమా, రెండు సార్లు నొక్కడమా? రెండు సార్లయితే కొంప మునిగినట్టే. మొదటి నొక్కుకి యూఎంపీ చేతికొస్తుంది, అదే గడి మళ్లీ తగిలితే అది వీపుకెక్కుతుంది. ఎదురుగా శత్రువు, చేతులు బోసి!

చార్మినార్ శార్దూలం: నిజమే కాకా, కంగారులో అందరూ చేసేది గదే. గడులు రెండూ కింద నడుమ అంటుకుని ఉంటయి, బొటనవేలికి తేడా తెల్వది. కంట్రోల్స్‌లోకి పోయి రెండో గడిని జర పెద్దగ చేసి, మొదటిదానికి దూరంగ జరుపుండ్రి. ట్రైనింగ్ గ్రౌండ్‌ల గోడ ముంగట నిలబడి ‘కాల్చు, ఒక్క నొక్కు, కాల్చు’ అనుకుంట అలవాటు చేసుకోవాలె. ఇంకోటి, రీలోడ్ నడుమల గన్ను మారిస్తే గుండ్లు ఎక్కవు. మళ్ల మొదటికే. దగ్గరి పోరుల రీలోడ్ జోలికే పోవద్దు, సీదా మార్చుడే.

మలక్‌పేట మత్తేభం: రెండో గడే నా ఉద్దేశం. పద్యంలో ‘గడి’కి చోటు చాలలేదు.

కాచిగూడ కందం: చోటు చాలకపోతే ప్రాణం చాలదు.

చార్మినార్ శార్దూలం: నాది గూడ చూడుండ్రి.
వీపు మీద పెనము వేలాడుచుండగా
వెన్ను చూపి పరుగు వేయవచ్చు
పెనము చేతఁ బట్ట వెనుక బోసి యగును
గుండు లేని గన్ను గుండె బలము

నిర్వాహకుడు: ఇది ఊహించలేదు! చేతిలో గన్ను ఉన్నంతసేపు, ఆటలో ఆయుధంగా దొరికే పెనం వెనక వేలాడి తూటాలు ఆపుతుంది, ఆ గన్ను ఖాళీదైనా సరే. పె–వె యతి మీద ఎవరూ లేవకండి, ప, ఫ, బ, భ, వ ఒకే జట్టు.

మలక్‌పేట మత్తేభం: పెనం కాచేది నడుము కిందే, తలకి హెల్మెటే గతి. పారిపోయేవాడికి ఆ ఖాళీ గన్ను మాత్రం ఎందుకు? అదే గడి ఇంకోసారి నొక్కి చేతులు ఖాళీ చేసుకుంటే పరుగు పెరుగుతుంది, పెనం వెనకే ఉంటుంది.

కాచిగూడ కందం: అంటే ఇందాక నేను తప్పుపట్టిన రెండో నొక్కే ఇప్పుడు మీకు దిక్కయిందన్నమాట.

చార్మినార్ శార్దూలం: నిర్వాహకుడుగారూ, 2020లో పబ్జీ బందయి 2021ల బీజీఎంఐ అని వచ్చింది గద, పాత పేరే ఎందుకు రాసిండ్రు?

నిర్వాహకుడు: ‘బీజీఎంఐ’ వరసగా నాలుగు గురువులు. ఆటవెలదిలో ఎక్కడ విరిచినా ఒదగదు. ‘పబ్జి’ గురువు, లఘువుల చక్కటి హగణం. మత్తేభంగారూ, ‘స్కోపు’ పద్యం సవరించి రేపటిలోగా పెట్టండి.