మంగళగిరి చీరల కొట్టు: ఆన్‌లైన్‌లో పెట్టాలా, వద్దా?

అడిగింది: నిజాం_అంచు
మంగళగిరిలో మాది చిన్న చీరల కొట్టు, నాన్న పెట్టి 26 ఏళ్లయింది. పానకాల స్వామి కొండకి వచ్చి వెళ్తూ ఆగేవాళ్లే మాకు సగం గిరాకీ, మిగతా టైంలో మధ్యాహ్నాలు ఈగలు తోలుకుంటున్నాం. చెల్లేమో పెద్ద సైట్లలో పెట్టేద్దాం అంటుంది, నాన్నేమో "చీర చేత్తో నలిపి చూడకుండా ఎవరు కొంటార్రా" అంటారు. జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద కొద్ది శాతం టాక్స్ కట్టేసే స్కీం) ఉన్నాం, ఏడాదికి 60 లక్షల దాకా అమ్మకం. ఆన్‌లైన్‌లోకి దిగొచ్చా?

లెక్కల_మాస్టారు
ముందు కాంపోజిషన్ సంగతి తేల్చుకోండి. అందులో ఉన్నంతకాలం వేరే రాష్ట్రానికి అమ్మకూడదు, 2014 తర్వాత మీకు హైదరాబాద్ కూడా వేరే రాష్ట్రమే! 2023 అక్టోబరు 1 నుంచి కాంపోజిషన్ వాళ్లూ సైట్లలో అమ్ముకోవచ్చు గానీ ఏపీ లోపల మాత్రమే. బయటికి పంపాలంటే రెగ్యులర్‌కి, అంటే మామూలు జీఎస్టీకి మారాలి. మారాక కొట్టులో ఉన్న సరుకు మీద కట్టిన టాక్స్‌ని క్రెడిట్‌గా ఇమ్మని ఐటీసీ-01 ఫారంలో 30 రోజుల్లోపు అడగండి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. నేరుగా నేతగాళ్ల దగ్గర కొన్నవాటికి టాక్స్ బిల్లే ఉండదు కాబట్టి వాటి మీద ఏమీ రాదు.

చీరాల_కోడలు
మేం రెండేళ్ల కింద ఒక పెద్ద సైట్లో పెట్టాం తమ్ముడూ. చేనేతలో ఒక రంగుకి ఒక్క చీరే ఉంటుంది కదా, పొద్దున కొట్టులో అమ్మేసిన చీరకే సాయంత్రం ఆర్డరొచ్చేది, క్యాన్సిల్ చేస్తే రేటింగ్ పడిపోయేది. పోనీ పంపినవైనా నిలిచాయా అంటే పదికి మూడు తిరిగొచ్చేవి. ఒకటైతే ఫాల్ కుట్టించి, కొంగున పసుపు మరకతో వచ్చింది, "కట్టలేదండీ" అని ఆవిడ వాదన. రంగు తేడా గొడవలు మాత్రం మా తప్పే, ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటోలో చిలకపచ్చ కాస్తా ముదురాకుపచ్చ అయిపోయేది. ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి గుమ్మంలో పరిచి తీస్తున్నాం. సైటు మానేసి పాత కస్టమర్ల వాట్సాప్ గ్రూపుకే పెడుతున్నాం, డబ్బు ముందే, సీఓడీ (చీర చేతికందాక డబ్బివ్వడం) లేదు.

బెంగళూరు_నుంచి
కొనేదాన్ని నేను, నా మాటా వినండి. మా అమ్మ ముప్పై ఏళ్లు కొన్న కొట్టాయన వీడియో కాల్‌లో కొంగు విప్పి చూపిస్తే అయిదు నిమిషాల్లో కొనేస్తాను. సైట్లో "మంగళగిరి" అని కొడితే వందల్లో వస్తాయి, ఏది చేతిమగ్గం మీదదో ఏది మరమగ్గం మీదదో ఫోటోలో ఎలా తెలుస్తుంది? జాకెట్ ముక్క ఉందా లేదా అన్నది కూడా సరిగ్గా రాయరు.

నిజాం_అంచు
మాస్టారూ, సైటు వద్దులెండి, చీరాల అక్క చెప్పినట్టు వాట్సాప్‌లోనే అమ్మి కొరియర్ చేస్తే?

లెక్కల_మాస్టారు
ఎక్కడ బేరం కుదిరిందని కాదు, సరుకు మీరు ఎక్కడ అప్పగిస్తారన్నదే లెక్క. బెంగళూరావిడ మీ కొట్టుకొచ్చి సంచిలో పట్టుకెళ్తే లోకల్ అమ్మకం, మీరు పార్సిల్ కడితే కాదు. మిమ్మల్ని ఫోన్లో అడిగేవాళ్లు ఏ ఊళ్లవాళ్లో ఒకసారి రాసి చూసుకోండి.

నిజాం_అంచు
ఇప్పుడే చెల్లి ఫోన్ చూశాం. పోయిన నెల అడిగిన 41 మందిలో 29 మంది హైదరాబాద్, బెంగళూరే. అయితే రెగ్యులర్‌కి మారక తప్పదు. సైటు మాట ఇప్పుడే కాదు. నాన్నకి వీడియో కాల్ నేర్పడమే టెన్షన్, కెమెరా ఎప్పుడూ సీలింగ్ ఫ్యాన్‌కే పెడతారు.