అప్‌డేట్: గెలీలియో ప్రాజెక్టు ఏమైందంటే

తొమ్మిదో తరగతి పిల్లలకి గెలీలియో, డెకార్ట్ (ఫ్రెంచ్ తత్వవేత్త, గణితవేత్త) లాంటి వాళ్లని కంప్యూటర్ ప్రాజెక్టులతో ఎలా చెప్పాలి, ఏం ఇచ్చినా వికీపీడియా కాపీలే తెస్తున్నారు అని పోయిన నెల అడిగాను కదా. స్లైడ్లు మానేసి స్టెల్లేరియం (ఏ ఊరికైనా, ఏ తేదీకైనా ఆకాశాన్ని చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టించమని మీలో ఒకరన్నారు, అదే చేశాను. ల్యాబ్‌లో పనిచేసేవి ఆరు కంప్యూటర్లే, ఒక్కోదాని ముందు అయిదుగురు. ఊరు పాదువా (ఇటలీలో గెలీలియో అప్పుడున్న ఊరు), తేదీ 1610 జనవరి 7, రాత్రి వేళ పెట్టి గురుగ్రహాన్ని జూమ్ చేయమన్నాను. గెలీలియో ఆ రాత్రి గురుడి పక్కన చూసింది మూడు చుక్కలే (అవి గురుడి చందమామలు), తూర్పున రెండు, పడమర ఒకటి. స్క్రీన్ మీద నాలుగున్నాయి! "సార్, ఆయన తప్పు చూశాడా?" అని ఒకమ్మాయి. ఇంకా జూమ్ చేస్తే తెలిసింది, అయో, యూరోపా అనే రెండు చందమామలు బాగా దగ్గరగా ఉన్నాయి, ఆయన టెలిస్కోప్‌లో రెండూ కలిసి ఒక్కటిగా కనిపించాయన్నమాట. తేదీ 8కి మార్చగానే మూడు పడమటికి వచ్చేశాయి, ఇక క్లాసంతా గోలే. నాలుగు చుక్కలూ కలిపి ఆయనకి 13న గానీ కనిపించలేదు.

డెకార్ట్ మాత్రం ఫ్లాప్. అవే కాపీ స్లైడ్లు, పైన ఫొటో, కింద "నేను ఆలోచిస్తున్నాను, కాబట్టి నేనున్నాను" అన్న ఆయన మాట పెద్దక్షరాల్లో (అర్థం అడిగితే అందరూ నేల చూపులే). తప్పు నాదే, తత్వంతో మొదలెట్టాను. ఈసారి ఆయన 1637లో అచ్చేసిన జ్యామితి పుస్తకం వైపు నుంచి వస్తా, జియోజిబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫులు గీయిస్తూ.