న్యూయార్క్‌లో గే బార్‌ల టూరు: ఒంటరిగా వెళ్ళేవాడు చేరవచ్చా?

క్లాక్‌టవర్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఉద్యోగం బెంగళూరులో, శని ఆదివారాలు ఇంటికి వస్తూ ఉంటాను. వచ్చే నెలలో కంపెనీ పని మీద న్యూయార్క్‌కు నది అవతలి ఒడ్డున, న్యూజెర్సీలో ఉన్న జెర్సీ సిటీకి వెళ్తున్నాను. నేను గే అన్న సంగతి ఇంట్లో తెలియదు, ఆఫీసులోనూ తెలియదు. వయసు ముప్ఫై దాటినా అమ్మానాన్నలు సంబంధాలు చూడడం మానలేదు. బెంగళూరులో మనవాళ్ళు కలుసుకునే చోట్లు ఉన్నాయని తెలిసినా, ఏ సందులో తిరిగినా అనంతపురం మనిషి ఒకరు ఎదురుపడే ఆ ఊళ్ళో గడప దాటే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో, ఎనిమిది మందికి మించని చిన్న గుంపును సాయంత్రం పూట వెంటబెట్టుకుని, మూడు నాలుగు గే బార్‌లకు తీసుకువెళ్ళి వాటి చరిత్ర చెప్పే టూరు ఒకటి నెట్‌లో కనిపించింది. చేరాలని మనసు గట్టిగా లాగుతోంది. కానీ నేను మద్యం ముట్టను. బార్‌లో కూర్చుని ఏమీ తాగకపోతే వింతగా చూస్తారేమోనని ఒక సంకోచం. గుంపులో మిగిలినవాళ్ళు వేడుక చూడడానికి వచ్చిన మామూలు టూరిస్టులైతే వాళ్ళ మధ్య నా పరిస్థితి ఏమిటన్నది మరో సంకోచం. న్యూజెర్సీ నిండా తెలుగువాళ్ళే కాబట్టి, ఎవరైనా చూసి ఆ మాట ఊరికి చేరవేస్తారేమోనన్న భయం వీటన్నింటికంటే పెద్దది. అక్కడ ఉండి వచ్చినవారు, ఇలాంటి టూర్‌లో చేరినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పుష్పగిరి (కడప)

తమ్ముడూ, వయసులో పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. నేను కొన్నేళ్ళు జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర ఉండి కడపకు తిరిగి వచ్చినవాణ్ణి. నా మాట ఒక్కటే: తప్పకుండా చేరు. నీలాంటివాడికి అన్నింటికంటే కష్టమైన పని ఆ మొదటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళడమే. నీ పక్కన దారి తెలిసిన మనిషి ఒకరుంటే ఆ కష్టం సగానికి సగం తగ్గిపోతుంది. ఆ తర్వాతి తలుపులు నువ్వే తీసుకుంటావు.

మద్యం సంగతికి వస్తే, మన ఊళ్ళలో బార్ అండ్ రెస్టారెంట్ అంటే నల్లద్దాల వెనుక చీకట్లో మగవాళ్ళు తల వంచుకుని తాగి వచ్చే చోటు కాబట్టి నీకు ఆ బెరుకు కలగడం సహజమే. అక్కడ బార్ అంటే పొడవైన కౌంటరు, దాని ముందు ఎత్తు స్టూళ్ళు, పక్క స్టూలు మనిషితో మాటలు. సోడాలో నిమ్మకాయ ముక్క వేసి ఇమ్మని అడిగితే మారు మాట్లాడకుండా ఇస్తారు, అందులో ఏముందో ఎవరూ అడగరు. అయితే సోడాకైనా సరే గ్లాసుకు ఒక డాలరో రెండు డాలర్లో టిప్పు కౌంటరు మీద పెట్టడం అక్కడి మర్యాద. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకో. ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవారికే మద్యం అమ్మాలి కాబట్టి చాలాచోట్ల తలుపు దగ్గరే ఐడీ చూస్తారు. ఆధార్ కార్డు అక్కడ పనికిరాదు, జిరాక్సును కూడా ఒప్పుకోకపోవచ్చు. అసలు పాస్‌పోర్టే చూపించాలి.

గైడు ఎందుకు అవసరమో చెప్పడానికి జూలియస్ అనే బార్‌ను చూపిస్తాను. వెస్ట్ 10వ వీధి, వేవర్లీ ప్లేస్ కలిసే మూలన ఉంటుంది. బయటి నుంచి చూస్తే పాతకాలపు మామూలు దుకాణంలాగే ఉంటుంది. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో గేలు ఒకచోట చేరడమే అల్లరి మూకతో సమానమని లెక్కగట్టి బార్‌ల లైసెన్సులు రద్దు చేసేవారు. 1966 ఏప్రిల్ 21న గేల హక్కుల కోసం పనిచేసిన మాటషీన్ సొసైటీ సభ్యులు కొందరు పత్రికలవాళ్ళను వెంటబెట్టుకుని ఒక్కో బార్‌కు వెళ్ళి, మేము స్వలింగ ప్రేమికులం, మాకు మద్యం ఇవ్వండి అని అడుగుతూ పోయారు. ఒకటి రెండు చోట్ల అడిగిన వెంటనే ఇచ్చేశారు. జూలియస్‌లో మాత్రం బార్‌టెండరు గ్లాసు ముందు పెట్టి, వాళ్ళు ఆ మాట అనగానే దాని మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. సరిగ్గా ఆ క్షణాన తీసిన ఫోటో ఈ రోజుకీ ఉంది: సూటు, టై వేసుకున్న మగవాళ్ళు, కౌంటరు అవతలి మనిషి, గ్లాసు మీద మూతలా బోర్లించిన చెయ్యి. అలా అడిగినవాళ్ళలో ఒకరైన క్రెయిగ్ రాడ్‌వెల్ మరుసటి ఏడు, 1967లో, ఆస్కార్ వైల్డ్ పేరు మీద గే, లెస్బియన్ రచనల కోసం ప్రత్యేకంగా పుస్తకాల దుకాణం తెరిచాడు. ఇదంతా తెలియకుండా ఆ కౌంటరు ముందు కూర్చోవడం వేరు, తెలిసి కూర్చోవడం వేరు.

ఇక తోటి ఉద్యోగులు ఎక్కడికని అడిగితే, గ్రీనిచ్ విలేజ్ చూపించే నడక టూరుకు వెళ్తున్నానని చెప్పు. అందులో అబద్ధం ఏమీ లేదు.

బురుజు నీడ (కర్నూలు, ప్రస్తుతం న్యూయార్క్)

పుష్పగిరి గారి మాట పట్ల గౌరవం ఉంది, కానీ నా అభిప్రాయం వేరు. నేను ఆ బార్‌లకు తరచుగా వెళ్ళేవాణ్ణి కాబట్టి కౌంటరు ఇవతలి నుంచి చూసిన సంగతి చెబుతాను. గుంపు లోపలికి వస్తుంది, గైడు అందరికీ వినపడేలా కథ చెబుతాడు, వచ్చినవాళ్ళలో సగం మంది గోడలకు ఫోటోలు తీస్తారు, ఆ ఫోటోల్లో మా ముఖాలు కూడా పడతాయి, పావుగంట గడవకముందే అందరూ లేచి వెళ్ళిపోతారు. రోజంతా ఆఫీసులో మరో మనిషిగా బతికి, సాయంత్రానికి కాస్త స్థిమితపడదామని వచ్చినవారికి అది ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఎవరి కంట పడతానోనని భయపడుతున్న మీరే, ఇతరులను చూసి పోయే గుంపులో నిలబడవలసి వస్తుంది.

నా సలహా ఏమిటంటే, వారం మధ్యలో ఏదో ఒక రోజు సాయంత్రం రద్దీ మొదలుకాకముందే జూలియస్‌కు ఒక్కరే వెళ్ళండి. అక్కడ బర్గర్లు చేస్తారు; ఒకటి తెప్పించుకుని తింటూ కూర్చుంటే చేతులకూ పని దొరుకుతుంది, తాగడం లేదన్న ఇబ్బందీ ఉండదు. పెద్దవయసువాళ్ళు ఎక్కువగా వస్తారు, వాళ్ళే పలకరిస్తారు. మాట్లాడాలంటే భయమైతే గ్రోవ్ స్ట్రీట్‌లోని మేరీస్ క్రైసిస్‌కు వెళ్ళండి. మెట్లు దిగితే నేలమాళిగలో ఒక పియానో ఉంటుంది, దాని చుట్టూ చేరినవాళ్ళంతా రంగస్థల పాటలను గొంతెత్తి పాడుతుంటారు. పాట రాకపోయినా ఆ గుంపులో నిలబడితే చాలు, పరాయివాణ్ణనిపించదు.

తెలుగువాళ్ళ గురించి కూడా ఒక మాట. మిమ్మల్ని అక్కడ చూసిన తెలుగువాడు తాను కూడా అక్కడే ఉన్నట్లు కదా! అతనికీ మీ భయమే ఉంటుంది. అలా ఎదురుపడి, ఒకరి ఊరి పేరు ఒకరు తెలుసుకుని, అన్నదమ్ముల్లా కలిసిపోయినవాళ్ళను నేను చూశాను. ఇంకా కావాలంటే సాల్గా అనే సంస్థ ఉంది. దక్షిణాసియా నుంచి వచ్చిన మనలాంటివారు న్యూయార్క్‌లో స్వచ్ఛందంగా నడుపుకుంటున్నది. మీరు ఉండే రోజుల్లో వాళ్ళ సమావేశం ఏదైనా ఉందేమో చూడండి.

తుంగభద్ర (కర్నూలు)

ఇద్దరు అన్నలూ మగవాళ్ళ కోణం నుంచే చెప్పారు. నేను అలాంటి టూర్‌లో చేరిన స్త్రీని కాబట్టి నాకు తోచినది రాస్తాను. టూరు మంచిదా చెడ్డదా అన్నది పూర్తిగా గైడు మీద ఆధారపడి ఉంటుంది. డబ్బు కట్టే ముందే ఉత్తరం రాసి అడగండి: మీరు ఈ బార్‌లకు మామూలు రోజుల్లో వెళ్తారా, లోపల ఫోటోలు తీయనిస్తారా, గుంపులో మాలాంటివారు ఎంతమంది ఉంటారు, ఆడవాళ్ళ బార్ ఒక్కటైనా చూపిస్తారా. ఈ చివరి ప్రశ్న నాకు చాలా ముఖ్యం. హడ్సన్ స్ట్రీట్‌లో 1991 నుంచి హెన్రియెట్టా హడ్సన్ ఉంది, వెస్ట్ 12వ వీధిలో కబీహోల్ ఉంది. కబీహోల్ పైకప్పు కనపడకుండా రంగురంగుల కాగితపు బొమ్మలు, దీపాలు వేలాడుతుంటాయి. పొట్టిదాన్నైన నా నెత్తికి కూడా తగిలేటంత కిందికి ఉంటాయి. ఇరుకైన గది, పక్కకు జరగమని అడగడంతోనే పరిచయాలు మొదలవుతాయి. అలాంటి చోట్లను వదిలేసి మగవాళ్ళ బార్‌లే చూపించే గైడు చెప్పే చరిత్ర నాకు సగమే అనిపిస్తుంది. మార్షా పి. జాన్సన్, సిల్వియా రివేరా అనే ట్రాన్స్ ఉద్యమకారుల పేర్లు ఎత్తకుండా, 1969లో పోలీసుల దాడికి జనం ఎదురు నిలిచిన స్టోన్‌వాల్ బార్ గురించి చెప్పేవాళ్ళ దగ్గరైతే ఒక్క నిమిషం కూడా నిలబడవద్దు.

ఇప్పుడు గుట్టు సంగతి. మనిషి చూసి చెప్పేదానికంటే ఫోను చెప్పేదే ఎక్కువ. ఇంట్లోవాళ్ళతో లైవ్ లొకేషన్ పంచుకునే అలవాటుంటే ఆ సాయంత్రానికి ఆపేయండి. కంపెనీ కార్డుతో ఒక్క సోడా కూడా కొనవద్దు. తర్వాత గూగుల్‌లో అభిప్రాయం రాస్తే మీ పేరు, ఫోటో దాని పక్కనే కనిపిస్తాయి. అంతగా రాయాలనిపిస్తే గైడుకే నేరుగా రాయండి. కొందరు గైడులు గుంపు ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు, కాబట్టి నన్ను తీయవద్దని బయలుదేరకముందే చెప్పండి. పేరు కూడా మీకు నచ్చినదే చెప్పుకోవచ్చు. 1969లో స్టోన్‌వాల్ మాఫియా చేతిలో, మద్యం లైసెన్సు లేకుండా, సభ్యుల క్లబ్బు అన్న ముసుగులో నడిచేది. లోపలికి వెళ్ళేవారు తలుపు దగ్గర పుస్తకంలో సంతకం చేయాలి. అందులో అసలు పేరు రాసినవాళ్ళు బహు తక్కువ. కౌంటరు వెనుక కొళాయి కూడా ఉండేది కాదు, తాగిన గ్లాసులను తొట్టి నీళ్ళలో ముంచి మళ్ళీ ఇచ్చేవారు. పోలీసులు వస్తున్నారంటే తెల్ల దీపాలు వెలిగించేవారు. అవి వెలగగానే కలిసి నాట్యం చేస్తున్నవాళ్ళు విడిపోవాలి. అంత హీనంగా చూసే చోటుకు కూడా జనం ఎందుకు వెళ్ళారంటే, ఇద్దరు మగవాళ్ళు చేతులు పట్టుకుని నాట్యం చేయగలిగిన చోటు వాళ్ళకు అదొకటి దొరికింది కాబట్టి. జూన్ 28 తెల్లవారుజామున దాడి జరిగినప్పుడు వాళ్ళు చెదిరిపోకుండా వీధిలోనే నిలబడ్డారు. 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలు ఇక నేరం కాదని మన సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పు ఇచ్చిన రోజు, కర్నూలులో మా ఇంట్లో టీవీ శబ్దం తగ్గించుకుని విన్న నాకు, ఆ వీధిలో నిలుచుని ఈ సంగతులు వింటుంటే కన్నీళ్ళు ఆగలేదు.

ఇంకొకటి. రద్దీలో ఎవరైనా చనువుగా చెయ్యి వేస్తే, ఇష్టం లేకపోతే వద్దని ఒక్క మాట చెప్పండి, చాలు. గ్లాసు మాత్రం ఎప్పుడూ మీ చేతిలోనే ఉంచుకోండి.

పుష్పగిరి (కడప)

బురుజు నీడ గారి బాధ న్యాయమైనది. నేను చెప్పేది పావుగంటలో లేచిపోయే గుంపుల గురించి కాదు. ఎనిమిది మంది కథలన్నీ వీధిలోనే విని, లోపలికి వెళ్ళాక ఎవరి స్టూలు మీద వాళ్ళు కూర్చుని ఏదో ఒకటి కొనుక్కుని మాట్లాడుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కాలేజీలో చేరిన మొదటి రోజు సీనియర్ వెంట హాస్టల్ మెస్‌కు వెళ్ళిన పిల్లవాడు రెండో రోజు నుంచి తానే వెళ్తాడు. తమ్ముడికి కావలసింది ఆ మొదటి రోజు. గుంపు కదిలిపోయినా అతను అక్కడే ఉండిపోవచ్చు కదా.

క్లాక్‌టవర్ (అనంతపురం)

అన్నలకూ అక్కకూ ధన్యవాదాలు. అక్క చెప్పిన ప్రశ్నలన్నీ గైడుకు రాసి పంపాను. ఆయన తాను గే అనీ, ఆ పేటలోనే ఉంటున్నాననీ, కథలు పార్కులో, కాలిబాట మీద మాత్రమే చెబుతాననీ, లోపల ఫోటోలు ఒప్పుకోననీ జవాబు రాశారు. దారి హెన్రియెట్టా హడ్సన్ మీదుగా కూడా వెళ్తుందట. చివరి మజిలీ జూలియస్ కాబట్టి, టూరు ముగిశాక అక్కడే ఉండిపోయి బర్గర్ తెప్పించుకుంటానని నిర్ణయించుకున్నాను. ఆ విధంగా ఇద్దరి మాటా నెగ్గినట్లే. ఈ రోజే డబ్బు కట్టాను. అందరూ కలుసుకునే చోటు క్రిస్టఫర్ పార్కు అన్నారు. జర్నల్ స్క్వేర్ నుంచి అక్కడికి ఎలా వెళ్ళాలో పుష్పగిరి అన్న చెప్పగలరా?

పుష్పగిరి (కడప)

చాలా సంతోషం తమ్ముడూ. జర్నల్ స్క్వేర్‌లో న్యూయార్క్‌లోని 33వ వీధికి వెళ్ళే పాత్ (PATH) రైలు, అంటే న్యూజెర్సీ, న్యూయార్క్‌ల మధ్య నడిచే లోకల్ రైలు, ఎక్కు. నది కింది సొరంగం దాటాక వచ్చే మొదటి స్టేషనే క్రిస్టఫర్ స్ట్రీట్. పైకి వచ్చాక నదికి వీపు పెట్టి అదే వీధిలో నడువు. హడ్సన్ స్ట్రీట్, బ్లీకర్ స్ట్రీట్ దాటితే సెవెంత్ ఎవెన్యూ వస్తుంది, అది దాటగానే కుడిపక్కన ముక్కోణపు చిన్న పార్కు కనిపిస్తుంది. లోపల నిలువెత్తు తెల్లని బొమ్మలు నాలుగు ఉంటాయి: నిలుచున్న ఇద్దరు మగవాళ్ళు, బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు. వీధికి ఎదురుగా 53వ నంబరు స్టోన్‌వాల్. దాని పక్కనే 51వ నంబరులో 2024 జూన్‌లో తెరిచిన సందర్శకుల కేంద్రం ఉంది. అరగంట ముందే చేరుకుని, అది తెరిచి ఉంటే లోపల ఒక చుట్టు తిరిగి వచ్చి గైడు కోసం పార్కు గేటు దగ్గర నిలుచో. పాత్ రైళ్ళు రాత్రంతా నడుస్తాయి కాబట్టి తిరిగి రావడానికి తొందరపడవలసిన పని లేదు.