మేజోన్ కారే గోడకు అతికిన స్తంభాలు: వేషమా, నిర్మాణమా?

శిలాపథం:
ఫ్రాన్స్‌లోని నీమ్ నగరంలో మేజోన్ కారే అనే రోమన్ గుడి ఉంది. రోమన్ చక్రవర్తి అగస్టస్ మనవలు గయస్, లూషియస్‌ల పేరిట క్రీ.శ. తొలి సంవత్సరాల్లో అంకితమైంది. చుట్టూ 30 స్తంభాలు కనిపిస్తాయి. విడిగా నిలబడి దూలాన్ని మోసేవి ముందున్న 10 మాత్రమే. మిగతా 20 గోడలోంచి సగం బయటికొచ్చిన అర్ధస్తంభాలు. ఏథెన్స్‌లోని గ్రీకు గుడి పార్థినాన్ బయటి వరుసలో 46 స్తంభాలున్నాయి. అందులో ఒక్కటి తీసినా దానిమీది దూలాలు నిలవవు. నా వాదన ఇదీ: గ్రీకు గుడిలో స్తంభం నిర్మాణం, రోమన్ గుడిలో అది వేషం. కాదనేవాళ్లు కొలతలతో చెప్పండి.

సున్నపుగచ్చు:
కొలతలతోనే చెబుతాను. మేజోన్ కారే పొడవు 26.42 మీటర్లు, వెడల్పు 13.54. ఈ వెడల్పులో నాలుగు పక్కలా విడి స్తంభాలు నిలిపి, నడవ వదిలితే గర్భగృహానికి మిగిలేది ఇరుకు గది. స్తంభాలను గోడలో కలిపేశారు కాబట్టే గర్భగృహం పీఠం అంచుదాకా వచ్చింది. ఆ పీఠం ఎత్తు 2.85 మీటర్లు. ఎక్కడానికి ముందువైపు తప్ప దారి లేదు. జనం నడవని పక్కల్లో నడవ ఎందుకు?

మెట్లు 15. బేసి సంఖ్య ఎందుకో రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పాడు: మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టినవాడు పైన కూడా కుడికాలే మోపాలి. పార్థినాన్‌కు నాలుగు వైపులా మూడేసి మెట్లున్నాయి, కానీ ఒక్కొక్కటి దాదాపు అర మీటరు ఎత్తు. మనిషి ఎక్కాలంటే ప్రవేశం దగ్గర నడుమ చిన్న మెట్లు వేరుగా పెట్టాల్సి వచ్చింది. భక్తుడి నడకను లెక్కలోకి తీసుకున్నది రోమన్ గుడే.

సిసిలీరాయి:
అసలు అర్ధస్తంభం రోమన్ల సొత్తు అని ఎవరన్నారు? సిసిలీలోని అక్రాగాస్‌లో గ్రీకులు క్రీ.పూ. 5వ శతాబ్దంలో మొదలుపెట్టిన ఒలింపియన్ జియస్ గుడి చూడండి. సుమారు 112 మీటర్ల పొడవు, 56 మీటర్ల వెడల్పు. బయటంతా గోడే, గోడకు అతికిన అర్ధస్తంభాలే. అక్కడి రాయి మెత్తన. అంత ఎడానికి విడి దూలం వేస్తే అడుగుభాగం సాగి పగులుతుంది. రాయి నొక్కుడు తట్టుకుంటుంది, లాగుడు తట్టుకోదు. అందుకే గోడ ఆసరా ఇచ్చారు. క్రీ.పూ. 406లో కార్తేజ్ దాడి నాటికి అది పూర్తికాలేదు.

శిలాపథం:
అక్రాగాస్ ఒక్క గుడితో నియమం మారదు. అక్కడ పరిమాణం బలవంతపెట్టింది. గ్రీకు పనితనం ఎంత లోతుకు వెళ్లిందో చూడండి. పార్థినాన్‌లో స్తంభాలు నిలిచే నేల సమతలం కాదు. పొట్టి వైపుల నడుమ సుమారు 6 సెంటీమీటర్లు, పొడవు వైపుల నడుమ సుమారు 11 సెంటీమీటర్లు పైకి ఉబ్బి ఉంటుంది. దానిమీద స్తంభాలు సుమారు 7 సెంటీమీటర్లు లోపలికి వాలతాయి. అంటే ఒక స్తంభం అడుగు దిమ్మెకు చెక్కిన వాలు ఇంకో చోట సరిపోదు. సున్నం లేకుండా రాతిమీద రాయి కూర్చోవాలి.

మూల సమస్య మరీ కఠినం. డోరిక్ అనే సాదా గ్రీకు శైలిలో, దూలం మీది పట్టీలో మూడు గాడుల పలక ప్రతి స్తంభం నడిమధ్యన రావాలి, మూలలో మాత్రం అంచుకే రావాలి. దూలం మందం పలక వెడల్పు కంటే ఎక్కువ కాబట్టి మూలలో ఈ రెండూ ఒకేసారి కుదరవు. గ్రీకులు స్తంభాన్నే జరిపారు: మామూలుగా 4.29 మీటర్లున్న ఎడాన్ని మూల దగ్గర సుమారు 3.7కు తగ్గించారు. విట్రూవియస్ సలహా ఏమిటంటే, పలకను స్తంభం మీదే ఉంచి మూలలో మిగిలిన చోట సగం మెటోప్ (రెండు పలకల మధ్య వచ్చే చదరపు భాగం) పెట్టమని. తేలిక దారి.

సున్నపుగచ్చు:
ఆకుల చెక్కడంతో ఉండే కొరింథియన్ శైలి స్తంభశిరస్సు నాలుగు వైపుల నుంచీ ఒకేలా ఉంటుంది, దాని పైపట్టీలో ఆ పలకలే ఉండవు. రోమన్లు దాన్ని ఎంచుకుంటే మూల చిక్కే పుట్టదు. కష్టాన్ని తప్పించే నిర్ణయాన్ని తక్కువ పనితనం అనడం నాకు సమ్మతం కాదు.

ఇక వేషం మాటకు జవాబు రోమ్‌లోని పోర్టునస్ గుడి. ముఖమంటపంలో విడిగా నిలిచే స్తంభాలు గట్టి ట్రావర్టీన్ రాయి. గోడ పక్కల అర్ధస్తంభాలు మెత్తటి టఫ్ రాయి, గోడ కూడా అదే. ఒంటరిగా బరువు మోసేచోట ఏ రాయి, గోడ తోడున్న చోట ఏ రాయి అన్నది మేస్త్రికి స్పష్టంగా తెలుసు. వేషమే అయితే ఈ తేడా దేనికి?

శిలాపథం:
ఆ తేడా కనబడకుండా మొత్తానికి తెల్లటి గచ్చు పూశారు. దాన్నేమంటారు?

సిసిలీరాయి:
ఒలింపియాలో జియస్ గుడికీ గవ్వల సున్నపురాయి మీద తెల్ల గచ్చే పూశారు. అది క్రీ.పూ. 5వ శతాబ్దపు అచ్చమైన డోరిక్ గుడి. గచ్చు నేరమైతే ఇద్దరిదీ.

ఇనుపబద్ద:
పార్థినాన్ రాళ్లను కలిపే బద్దల గురించి ఎవరూ అనలేదు. పాత మేస్త్రులు ఇనుప బద్ద చుట్టూ కరిగించిన సీసం పోశారు. గాలి, తేమ ఇనుముకు తగలవు, రాయి కాస్త కదిలినా సీసం సర్దుకుంటుంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇంజనీర్ బలానోస్ చేయించిన మరమ్మతులో సీసం తొడుగు లేని ఇనుము వాడారు. తుప్పు పట్టి ఇనుము ఉబ్బింది, పాలరాయి లోపలినుంచి పగిలింది. 1975లో ఏర్పడిన కమిటీ ఆధ్వర్యంలో దాన్ని తీసి టైటానియం పెడుతూ వచ్చారు. పోల్చేటప్పుడు స్తంభం బయటి రూపమే కాదు, ఈ అతుకులు కూడా చూడాలి.

కొత్తగోపురం:
రోమ్‌లోని పాంథియాన్ గుడి సంగతి? 43.3 మీటర్ల వ్యాసం ఉన్న గోపురం ముందు ఇదంతా చిన్న విషయం కదా?

సున్నపుగచ్చు:
పాంథియాన్ గొప్పదే, కానీ మామూలు రోమన్ గుడికి నమూనా కాదు. కింద బరువైన ట్రావర్టీన్ ముక్కలు, పైకి వెళ్లేకొద్దీ టఫ్, ఇటుక, చివర తేలికైన ప్యూమిస్ కలిపిన కాంక్రీట్ అది. విడి స్తంభాల ముఖమంటపం అక్కడా ఉంది, గోపురం మాత్రం వాటి మీద లేదు. సుమారు 6 మీటర్ల మందం గోడ మీద ఉంది. మన ప్రశ్నకు అది సాయపడదు.

సిసిలీరాయి:
సాయపడేది ఏథెన్స్‌లోని ఒలింపియన్ జియస్ గుడి. క్రీ.పూ. 6వ శతాబ్దంలో గ్రీకులు మొదలుపెట్టి వదిలేశారు. క్రీ.పూ. 174లో సిరియా రాజు నాలుగో అంటియోకస్ పనిని కొస్సూటియస్ అనే రోమన్ వాస్తుశిల్పికి అప్పగించాడు. డోరిక్ వదిలి కొరింథియన్‌కు మార్చింది అప్పుడే. చివరికి రోమన్ చక్రవర్తి హాడ్రియన్ కాలంలో, క్రీ.శ. 131 ప్రాంతంలో పూర్తయింది. 104 స్తంభాల్లో 15 నిలిచి ఉన్నాయి. 1852 గాలివానకు పడిన ఒకటి దిమ్మెలు దిమ్మెలుగా నేలమీద పరుచుకుని ఉంది. శిలాపథం గారూ, దీన్ని ఏ పక్షాన వేస్తారు?

శిలాపథం:
గ్రీకు పక్షానే. ముందువైపు నుంచే ఎక్కాల్సిన ఎత్తు పీఠం లేదు, చుట్టూ మెట్లున్నాయి. పక్కల రెండేసి, ముందు వెనకల మూడేసి వరుసల స్తంభాలు విడిగా నిలిచాయి. కట్టించిన చక్రవర్తి రోమన్ అయినంత మాత్రాన గుడి రోమన్ కాదు.

సున్నపుగచ్చు:
అంటే తేల్చింది పీఠం, నడవ. స్తంభం బరువు మోస్తోందా లేదా అన్నది కాదు.

శిలాపథం:
ఆ రెండూ వేరు కావు. నడవ ఉంటేనే స్తంభానికి గోడనుంచి దూరంగా నిలబడే అవసరం వస్తుంది. నీమ్‌లో నడవ తీసేశారు, అవసరం పోయింది, రూపం మాత్రం ఉంచారు. పోర్టునస్ రాయి తేడా విషయంలో మీ వాదనకు బలం ఉంది. నీమ్ గోడ మాత్రం ఆ 20 అర్ధస్తంభాలు లేకపోయినా పైకప్పును మోసేది. ఆ మాట మీద నేను నిలబడతాను.