పక్షవాతం తర్వాత నడక: స్టాప్‌వాచ్ సరిపోతుందా, ఒళ్లంతా కొలవాలా?

నాన్నకోసం:
మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. కుడివైపు. నెలనెలా ఫిజియో పది మీటర్లు నడిపించి టైము రాసుకుంటారు. మొదట 33 సెకన్లు పట్టేది, మొన్న 18. అందరూ సంతోషించారు. కానీ ఇంట్లో చూస్తే కుడికాలు ఇంకా కొడవలిలా పక్కకి తిప్పే వేస్తున్నారు. నడుస్తున్నంతసేపూ మోచెయ్యి ముడుచుకుని ఛాతీకి అతుక్కుపోతుంది. చెప్పు కొస గడపకి తగిలి రెండుసార్లు తూలారు. నడకని కొలిచే గెయిట్ ల్యాబ్‌లో ఒళ్లంతా మార్కర్లు (కెమెరాలు గుర్తించే చిన్న బంతులు) అంటించి పరీక్ష చేయించమని ఒకరు, డబ్బు దండగని ఇంకొకరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

పల్లెఫిజియో:
స్టాప్‌వాచ్‌ని తక్కువ చెయ్యకండి. 1995లో కాలిఫోర్నియాలోని రాంచో లాస్ అమిగోస్ ఆసుపత్రిలో డాక్టర్ జాక్వెలిన్ పెర్రీ బృందం తేల్చిన లెక్క ఇప్పటికీ వాడుతున్నాం. సెకనుకి 0.4 మీటర్లలోపు అయితే నడక ఇంటివరకే. 0.8 దాటితే బయట ధైర్యంగా తిరగగలరు. మీ నాన్నగారు 0.3 నుంచి 0.55కి వచ్చారు, అంటే మొదటి గీత దాటేశారు. అమెరికాలో పక్షవాతం వచ్చిన 408 మందితో చేసి 2011లో ప్రచురించిన లీప్స్ అధ్యయనం కూడా ఈ గీతలతోనే ఫలితం చూసింది. బరువు మోసే బెల్టు కట్టి ట్రెడ్‌మిల్ మీద నడిపించినవాళ్లూ, ఇంట్లో ఫిజియో దగ్గరుండి వ్యాయామం చేయించినవాళ్లూ ఏడాదికి ఒకేలా మెరుగయ్యారు. నా పేషెంట్లు రెండు బస్సులు మారి వస్తారు. వాళ్లని సిటీ ల్యాబ్‌కి పంపితే రంగురంగుల గ్రాఫులు వస్తాయి, వ్యాయామం మాత్రం అదే ఉంటుంది.

నడకలెక్క:
నేను గెయిట్ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆ గీతలు మేమూ వాడతాం. కానీ వేగం పెరగడానికి రెండు దారులున్నాయి. పడిపోయిన కాలు కోలుకోవచ్చు, లేదా మంచి కాలే రెండింటి పనీ చెయ్యవచ్చు. స్టాప్‌వాచ్‌కి రెండూ ఒకటే. మా దగ్గరికి వచ్చిన ఒకాయన వేగం బాగా పెరిగింది. నేలలో అమర్చిన ఫోర్స్ ప్లేట్ (కాలు నేలని ఎంత బలంగా తోస్తోందో కొలిచే పలక) మీద చూస్తే, శరీరాన్ని ముందుకు తోస్తున్నది దాదాపు అంతా మంచి కాలే.

మీ నాన్నగారి చెప్పు తగలడం సంగతే తీసుకోండి. పాదాన్ని పైకెత్తే కండరంలో బలం లేకపోయినా తగులుతుంది, పిక్క బిగుసుకుపోయినా తగులుతుంది. కాలు ముందుకేసేటప్పుడు మోకాలు వంగకపోయినా అంతే. కంటికి మూడూ ఒకలాగే కనిపిస్తాయి. కానీ ఒకదానికి పాదాన్ని పట్టి ఉంచే స్ప్లింట్ కావాలి, ఇంకొకదానికి పిక్కలో బిగువు తగ్గించే ఇంజెక్షన్. మూడోదానికి పాదం దగ్గర ఎంత కష్టపడినా లాభం తక్కువ.

ఇంకో మాట. నడక మామూలు నడకకి ఎంత తేడాగా ఉందో చెప్పే, బాగా వాడుకలో ఉన్న గెయిట్ ప్రొఫైల్ స్కోర్ కటి నుంచి పాదం వరకే లెక్కిస్తుంది. పక్షవాతం వచ్చినవాళ్లు నడుం ఎత్తి, మొండెం మంచివైపుకి వాల్చి కాలు లేపుకుంటారు. చెయ్యి ముడుచుకుంటుంది. ఇవన్నీ ఆ స్కోర్‌కి అందవు. అందుకే ఒళ్లంతా కొలవాలంటాను.

పల్లెఫిజియో:
ఇంజెక్షనో ఆపరేషనో నిర్ణయించే ముందు ల్యాబ్ అంటే ఒప్పుకుంటాను. చెయ్యి కొలిచి ఏం మార్చారో చెప్పండి.

నడకలెక్క:
ఒకామెకి స్ప్లింట్ వేశాం. వేగం అంతే ఉంది, పనికిరాలేదని తీసేయబోయారు. మార్కర్ల లెక్కలో చూస్తే నడిచేటప్పుడు మోచెయ్యి అంతకుముందుకన్నా బాగా కిందికి దిగింది. ప్రయాస ఎక్కువైతే చెయ్యి ముడుచుకుంటుంది కాబట్టి, నడవడానికి పడే ప్రయాస తగ్గిందని మాకు అర్థమైంది. స్ప్లింట్ ఉంచేశాం.

పల్లెఫిజియో:
అది ఆమెని అడిగినా చెప్పేదండీ.

నడకలెక్క:
ఆమెకి మాట పడిపోయింది సార్. అలాంటి పేషెంట్లు మీ దగ్గరికీ వస్తారు కదా.

నాన్నకోసం గారూ, ముందు ఫోన్‌తో వీడియో తియ్యండి. ఫోన్ నడుం ఎత్తులో కదలకుండా పెట్టి, పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి, స్లో మోషన్‌లో. ప్యాంటు మోకాలి పైదాకా మడిచి, పక్కన ఒక మనిషిని ఉంచి నడిపించండి. మోకాలు వంగుతోందా, నడుం లేస్తోందా చూడండి.

పల్లెఫిజియో:
ఇది మంచి సలహా. చెప్పుల్లేకుండా ఒకసారి, చెప్పులతో ఒకసారి తియ్యండి. మడమ వెనక పట్టీ లేని చెప్పులైతే ఈ రోజే మానిపించండి.

నాన్నకోసం:
నిన్న సాయంత్రం వరండాలో తీశాను. అమ్మ పక్కనే నడిచింది. కుడి మోకాలు దాదాపు వంగడమే లేదు, కర్రలా వస్తోంది. ఇన్నాళ్లూ నేను పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. సోమవారం మా ఫిజియోకి ఈ వీడియో చూపించి, ల్యాబ్‌కి వెళ్లాలా వద్దా అడుగుతాను.