2025 జూలై 26 కార్గిల్ అమరుల సభ, లండన్: హాల్ లేదన్నారు (మా గ్రూపు చాట్, ఒక్కొక్కరి పేరు వాళ్ళ సొంతూరిదే)

బొబ్బిలి (సోమవారం): పిన్ చేసిన పనుల లిస్టు పక్కన పెట్టండి. స్టేజీ, ప్రొజెక్టర్, సంతకాల బల్ల, ఏదీ కుదరదు. పోస్టర్‌లో "రక్షణకు జీడీపీలో 3 శాతం ఇవ్వాలి" అని ఉంది కదా, అది రాజకీయ ప్రచారమట. చారిటీ హాల్లో ఒప్పుకోరట. అడ్వాన్సు తిరిగి పంపేశారు.

టెక్కలి: కార్గిల్ అమరులకు దండ వేస్తే రాజకీయమా?

బొబ్బిలి: దండ వేసుకోమన్నారు. "ఇవ్వాలి" అన్నదే గొడవ.

పాలకొండ: దండ చాలు, డిమాండ్ వద్దని మొదటి రోజే చెప్పాను. ఎవరు విన్నారు?

టెక్కలి: మామా, 3 శాతం ఉండాలని పార్లమెంటు స్థాయీ సంఘమే సిఫారసు చేసింది. 2025-26లో ఇచ్చింది 6.81 లక్షల కోట్లు, 1.9 శాతం. మొన్న జూన్‌లో హేగ్‌లో నాటో సైనిక కూటమి వాళ్ళు 2035కి 5 శాతం అనలేదా? మనం అడిగితేనే తప్పా?

పాలకొండ: అందులో 1.6 లక్షల కోట్లు పింఛన్లే. మా తమ్ముడు తింటున్నది ఆ పింఛనే, లెక్కలు నాకు చెప్పకు. ఏటా కుర్చీలు మోసేదెవరో కూడా అందరికీ తెలుసు.

టెక్కలి: ఇప్పుడు కుర్చీల గోల ఎందుకు?

గజపతినగరం అప్ప: ఇద్దరూ ఆపండి. ఎనభై మందికి చింతపండు నానబెట్టాలా వద్దా?

కోరుకొండ (విజయనగరం నుంచి): ఘంటస్తంభం దగ్గర ఫ్లెక్సీ ఇప్పుడే తీసుకున్నాను. రంగు వాసన ఇంకా పోలేదు. "3" అంకె తలుపంత ఉంది. గురువారం ఫ్లైట్‌కి తేవాలా, పారేయాలా? రిటైర్డ్ సుబేదారు మా చిన్నాన్న వీడియోలో మాట్లాడతానన్నారు. అక్కడ మూడంటే ఇక్కడ ఏడున్నర. ఎనిమిదికి తినేసి పడుకుంటారు, ఆలస్యం చేయకండి.

బొబ్బిలి (మంగళవారం): మా పెరట్లో పెట్టేద్దాం. నలభై మంది పడతారు, మిగతావాళ్ళు నిలబడాలి. మైకు వద్దు, పక్కింటాయన ఊరుకోడు.

అప్ప: అయితే చింతపండు సగమే.

టెక్కలి: మామా, నిన్న నోరు జారాను.

పాలకొండ: సర్లే. కుర్చీలు నా వ్యాన్‌లో వేసుకొస్తాను. ఎత్తడానికి నువ్వు రా.

బొబ్బిలి (శనివారం, రెండున్నర): చినుకులు మొదలు. పందిరి లేదు.

అప్ప: ఆ ఫ్లెక్సీ తెచ్చి పులిహోర మీద కట్టండి, త్వరగా.

కోరుకొండ: "3" పైకా, కిందికా?

పాలకొండ: కిందికి. తినేవాళ్ళు చదువుకుంటారు.

కోరుకొండ: చిన్నాన్న లైన్లోకి వచ్చి ఐదు నిమిషాలైంది, ఎవరైనా ఫోన్ చూడండి.