బాడీ మార్చాలా, లెన్సు కొనాలా?

ప్రశ్న (నెల్లూరు): నా వద్ద నికాన్ డి5300 కెమెరా, దానితో వచ్చిన 18-55 మి.మీ. లెన్సు ఉన్నాయి. నేలపట్టు పక్షుల కేంద్రంలో తీసిన ఫొటోలలో చెట్లు బాగానే వచ్చినా, వాటిపైనున్న గూడబాతులు చుక్కల్లా ఉన్నాయి. డి5600 బాడీ (లెన్సు లేని కెమెరా) కొనడం మేలా, కొత్త లెన్సు మేలా?

సమాధానం (ఒంగోలు): రెండు బాడీల సెన్సార్లూ 24 మెగాపిక్సెళ్లవే కాబట్టి, 55 మి.మీ. వద్ద చుక్కగా వచ్చిన పక్షి కొత్త బాడీలోనూ చుక్కగానే ఉంటుందండీ. 70-300 మి.మీ. లెన్సు తీసుకుంటే, మీ కెమెరా సెన్సార్ చిన్నది కావడంతో వచ్చే 1.5 రెట్ల క్రాప్ వల్ల, 300 వద్ద పక్షి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరాపై 450 మి.మీ. లెన్సుతో చూసినంత దగ్గరగా కనిపిస్తుంది.

సమాధానం (కావలి): ఆ 70-300లో ఏఎఫ్-పీ డీఎక్స్ రకం (చిన్న సెన్సార్ నికాన్ కెమెరాల కోసం చేసిన, కొత్త తరహా ఫోకస్ మోటారు ఉన్న లెన్సు) కొంటే, ముందుగా కెమెరా ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించుకోండి, పాత ఫర్మ్‌వేర్‌తో ఫోకస్ సరిగా పనిచేయదు.

ప్రశ్న అడిగినవారు: సాయంత్రం వెలుతురు తగ్గాక ఇబ్బంది ఉండదా?

సమాధానం (ఒంగోలు): ఉంటుంది. ఆ లెన్సు రంధ్రం 300 వద్ద ఎఫ్/6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు, వెలుతురు తక్కువే లోపలికి వస్తుంది కనుక ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచక తప్పదు. పొద్దున్నే వెళ్లండి, ఖర్చులేని మార్గం అదే.